వరంగల్ ఎండలో వృక్షశాస్త్ర పరిశోధన కేంద్రం కట్టాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో కూర్చుని భవనాలకు డ్రాయింగులు గీయడం నా పని. ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా బాటనీ సార్లు, మేడమ్‌లు, ఊరికి ఏదైనా చేయాలనుకునే ట్రస్టులవాళ్లు వస్తుంటారు. "ములుగు దారిలో నాలుగెకరాలున్నాయి, మొక్కల పరిశోధనకు ఒక కేంద్రం కడదాం, పర్యావరణానికి హాని లేకుండా ఉండాలి" అంటారు. అందరూ అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. ఫోన్లో చెప్పిందే చెప్పే బదులు ఇక్కడ రాసిపెడుతున్నాను.

మామూలు కాలేజీ బిల్డింగు ప్లానునే వాడుకుంటే సరిపోదా?

సరిపోదు. కాలేజీ బిల్డింగులో ఉండేది మనుషులే. ఇక్కడ నాలుగు రకాల వాళ్లుంటారు. పనిచేసే మనుషులు, బతికున్న మొక్కలు, ఎండబెట్టి కాగితానికి అతికించిన మొక్కలు, నిద్రపోతున్న విత్తనాలు. ఈ నలుగురికీ ఒకే గాలి పడదు. మనిషికి ఫ్యాను, నీడ, నాలుగు వైపుల నుంచి గాలి ఉంటే మే నెలలో తప్ప గడిచిపోతుంది. మొక్కకు నీడ, తేమ కావాలి. ఎండు మొక్కకు తేమే శత్రువు. విత్తనానికి తేమా వద్దు, వేడీ వద్దు.

చాలామంది ఏం చేస్తారంటే, మొత్తం భవనానికి అద్దాలు బిగించి, మొత్తానికీ ఏసీ పెట్టి, పైన నాలుగు సోలార్ ప్యానెళ్లు వేసి గ్రీన్ బిల్డింగ్ అని బోర్డు రాస్తారు. నేను అందరికీ చెప్పేది ఒక్కటే. ఏసీ తప్పనిసరిగా కావాల్సిన గదులు ఏవో ముందు తేల్చండి, వాటిని వీలైనంత చిన్నవిగా చేసి భవనం నడి మధ్యలో పెట్టండి. మిగతాదంతా వరండాలకు, చెట్లకు వదిలేయండి. కింద రాసిన జవాబులన్నీ ఈ మాటకు వివరాలే.

హెర్బేరియం గదికి, అంటే ఎండు మొక్కల్ని దాచే గదికి, ఎలాంటి గాలి కావాలి?

ఉష్ణోగ్రత 20 నుంచి 23 డిగ్రీలు, గాలిలో తేమ 40 నుంచి 55 శాతం మధ్య. ఈ రెండూ ఏడాది పొడవునా నిలకడగా ఉండాలి. ఒకరోజు 20, ఇంకోరోజు 30 అయితే జిగురు ఊడుతుంది, కాగితం ముడతలు పడుతుంది. తేమ 60 దాటి నిలిచిందంటే బూజు, పురుగు రెండూ మొదలైనట్టే. మన దగ్గర శ్రావణ మాసంలో బయటి గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే కాబట్టి, వరంగల్‌లో హెర్బేరియానికి అసలు పరీక్ష ఎండాకాలం పెట్టదు, వానాకాలం పెడుతుంది.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. మొదటిది కూలర్. ఇంట్లో అలవాటు కదా అని కూలర్ పెడతామంటారు. కూలర్ చేసేదే నీటిని గాలిలో కలపడం. ఎండు మొక్కల గదిలో అది పెట్టడమంటే పిండివంటల డబ్బా మూత తీసి వానలో పెట్టడమే. రెండోది కాస్త సూక్ష్మం. మామూలు స్ప్లిట్ ఏసీ కంప్రెసర్ తిరుగుతున్నంతసేపే తేమను లాగుతుంది. వానాకాలంలో గది త్వరగా చల్లబడుతుంది, కంప్రెసర్ ఆగిపోతుంది, తేమ మాత్రం అక్కడే ఉంటుంది. గది చల్లగా ఉందనుకుని మనం నిశ్చింతగా ఉంటాం, లోపల చెమ్మ పేరుకుంటుంది. అందుకే తేమ తీసే యంత్రం, అదే డీహ్యుమిడిఫయర్, విడిగా ఉండాలి.

గది కట్టే పద్ధతి డబ్బాలో డబ్బా లాంటిది. బయట భవనం గోడ, తర్వాత నడవ, ఆ లోపల హెర్బేరియం గది. ఏ గోడకూ నేరుగా ఎండ తగలదు. కిటికీలు అసలే వద్దు, వెలుతురులోని అతినీలలోహిత కిరణాలకు పూల రంగులు పోతాయి. గదికి ముందు ఇంకో చిన్న గది, రెండు తలుపులు. ఒకటి మూశాకే రెండోది తీయాలి.

నా తప్పూ చెప్పుకుంటాను. మొదటిసారి ఇలాంటి గది గీసినప్పుడు పై అంతస్తులో పెట్టాను. దాని నెత్తిన నీళ్ల ట్యాంకు ఉందని తెలిసీ పట్టించుకోలేదు. రెండో వానాకాలంలో స్లాబు చెమ్మగిల్లింది. దసరా సెలవులకు తాళం వేసి వెళ్లారు. తిరిగొచ్చి తీస్తే గునుగు, తంగేడు షీట్ల మీద తెల్లటి బూజు. బతుకమ్మకు ముందే సేకరించిన నమూనాలవి. అప్పటి నుంచి హెర్బేరియం కింది అంతస్తులోనే, ఎత్తైన బేస్‌మెంటు మీద పెడుతున్నాను. పైన బాత్రూమ్ గానీ ట్యాంకు గానీ పైపు గానీ పోకుండా చూస్తున్నాను.

అడవి నుంచి తెచ్చిన మొక్క లోపలికి ఏ దారిలో వెళ్లాలి?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. నేనే ఎదురు అడిగి మరీ చెబుతాను, ఎందుకంటే గదులు ఎంత బాగున్నా దారి తప్పితే పురుగు లోపలికి వెళ్తుంది. సిగరెట్ బీటిల్ అనే చిన్న గోధుమరంగు పురుగు ఎండు మొక్కల్ని పిండి చేసేస్తుంది. మన వంటింట్లో పసుపు, ధనియాల డబ్బాల్లో పట్టేదీ అదే.

ఏటూరునాగారం అడవి నుంచి సంచీలతో వచ్చినవాళ్లు ముందు గుమ్మం నుంచి రాకూడదు. వెనక వైపు కడుగుడు తొట్టి, బల్ల ఉన్న గది ఒకటి ఉండాలి. అక్కడ మట్టి దులిపి, పాత పేపర్ల మధ్య పరిచి, ప్రెస్‌లో బిగిస్తారు. పక్కనే ఎండబెట్టే గది. ఎండాకాలం ఎండ చాలు. వానాకాలంలో 40, 45 డిగ్రీల వేడిగాలి తిరిగే అర కావాలి. ఆ తర్వాత మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం రోజులు. గుడ్లతో సహా పురుగు చస్తుంది. ఒకప్పుడు దీనికోసం పాదరసపు విషం పూసేవాళ్లు. ఫ్రీజర్ ఉంటే ఆ అవసరం లేదు, పనిచేసేవాళ్ల ఊపిరితిత్తులకూ మంచిది.

వీలైతే ఆ ఫ్రీజర్‌ను రెండు గదుల మధ్య గోడలో, రెండు వైపులా తలుపులుండేలా పెట్టండి. మురికి వైపు నుంచి పెట్టడం, శుభ్రమైన వైపు నుంచి తీయడం. రూలు బోర్డు మీద రాసి పెడితే మర్చిపోతారు. గోడే రూలైతే మర్చిపోవడం కుదరదు.

ఇంకో మాట. మన దగ్గర ఏ ఫంక్షనైనా బొకేలు, పూలదండలు తప్పవు. ముఖ్య అతిథి మెడలో దండతో హెర్బేరియం చూడటానికి వెళ్తాడు. దండతో పాటు పురుగులూ వెళ్తాయి. సభ జరిగే హాలు, టిఫిన్లు పెట్టే చోటు హెర్బేరియానికి దూరంగా, విడి కప్పు కింద ఉండాలి.

విత్తన నిధికి ఎంత పెద్ద గది కావాలి?

మీరు అనుకున్న దాంట్లో పావు వంతు. విత్తనాల విషయంలో హ్యారింగ్టన్ సూత్రం అని ఒక మోటు లెక్క ఉంది. విత్తనంలో తేమ ఒక శాతం తగ్గితే ఆయుష్షు రెట్టింపు, నిల్వ ఉంచే చోట వేడి 5 డిగ్రీలు తగ్గితే మళ్లీ రెట్టింపు. అందుకే ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ జన్యు నిధుల ప్రమాణాల్లో ముందు 5 నుంచి 20 డిగ్రీల చల్లదనంలో, 10 నుంచి 25 శాతం తేమలో ఆరబెట్టమంటారు. ఆ తర్వాత గాలి చొరని కవర్లో మూసి, దీర్ఘకాలానికైతే మైనస్ 18 దగ్గర ఉంచమంటారు.

ఆరబెట్టే గది పది అడుగులకు పది చాలు. దానికి మాత్రం ఖర్చుకు వెనకాడొద్దు. నిల్వకు నాలుగు నిలువు ఫ్రీజర్లు పెట్టుకోండి, నడిచి వెళ్లేంత కోల్డ్ రూమ్ అవసరం లేదు. ఒకటి చెడిపోతే మిగతా మూడు ఉంటాయి.

అన్ని విత్తనాలూ దీనికి లొంగవు. నేరేడు, పనస గింజలు ఆరబెడితే చచ్చిపోతాయి. అలాంటివాటిని దాచే మార్గం చెట్టుగా పెంచడమే. అంటే మీ ఆవరణలో కొంత నేల కూడా విత్తన నిధి లెక్కలోకే వస్తుంది, దాన్ని పార్కింగుకు ఇవ్వకండి.

గ్లాస్ హౌస్ లేకుండా బొటానికల్ కేంద్రమా?

లండన్‌లోని క్యూ తోటలో గాజు ఇల్లు ఎందుకు కట్టారు? అక్కడి చలిలో తాటి జాతి మొక్కలు బతకాలంటే ఎండ వేడిని లోపల పట్టి ఉంచాలి. బెంగళూరు లాల్‌బాగ్‌లో 1889లో ఆ ధోరణిలోనే ఒకటి లేచింది, పూల ప్రదర్శనలకు బాగానే పనికొస్తోంది. బెంగళూరు గాలి వేరు. మే నెలలో 43 డిగ్రీలు కాసే వరంగల్‌లో గాజు ఇల్లంటే మొక్కల్ని వేపుడు చేయడమే.

మనకు కావాల్సింది నీడ ఇల్లు. ఇనుప గొట్టాల చట్రం, పైన ఎండలో 50 లేదా 75 శాతం ఆపే షేడ్ నెట్, పక్కలు గాలాడేలా. తేమ కావాల్సిన ఫెర్న్‌లు, ఆర్కిడ్‌లకు మాత్రం ఒక చిన్న గదిని ఫ్యాన్ అండ్ ప్యాడ్ పద్ధతిలో చేయండి. ఒక గోడకు తడిపిన ప్యాడ్లు, ఎదుటి గోడకు గాలి బయటకు లాగే ఫ్యాన్లు. మన ఇంటి కూలర్ సూత్రమే. 43 డిగ్రీల ఎండలో తేమ 20 శాతం ఉన్న మధ్యాహ్నం, మంచి ప్యాడ్లు గాలిని 29 డిగ్రీల దాకా దించగలవు. అదే కూలర్ ఆగస్టులో ఎందుకు పనిచేయదో మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఆగస్టులో మొక్కలకు దాని అవసరమూ ఉండదు.

భవనం ఏ దిక్కుకు ఉండాలి? చజ్జాలు ఎంత?

పొడుగు వైపులు ఉత్తరం, దక్షిణం. పొట్టి వైపులు తూర్పు, పడమర. పడమటి గోడకు కిటికీలు వద్దు. మెట్లు, స్టోరు, టాయిలెట్లు అటు వైపు తోసేయండి.

దక్షిణం కిటికీ నాలుగడుగుల ఎత్తుంటే, దాని నెత్తిన రెండున్నర అడుగుల చజ్జా వేస్తే ఫిబ్రవరి సగం నుంచి మధ్యాహ్నపు ఎండ అద్దం మీద పడదు. డిసెంబరులో మధ్యాహ్నం సూర్యుడు 48 డిగ్రీల ఎత్తుకే వస్తాడు కాబట్టి ఆ చలి రోజుల్లో కాస్త ఎండ లోపలికొస్తుంది. రానివ్వండి.

ఉత్తరం వైపు ఎండ రాదని పుస్తకాల్లో చదివి, అటు చజ్జా లేకుండా పెద్ద పెద్ద అద్దాలు పెడుతుంటారు. ఆ పుస్తకాలు రాసినవాళ్ల దేశం వేరు. వరంగల్ 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో ఒకసారి, జూలై ఆఖరుకు ఒకసారి సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. ఆ మధ్య రెండున్నర నెలలూ మధ్యాహ్నం కూడా ఉత్తరం వైపే ఉంటాడు. పొద్దున, సాయంత్రం ఏటవాలుగా ఉత్తరపు గోడ మీద పడతాడు. కాబట్టి ఉత్తరం కిటికీకీ అడుగున్నర చజ్జా, పక్కన నిలువు పలకలు ఉండాలి. మైక్రోస్కోపు బల్లలకు మాత్రం ఆ ఉత్తరం వెలుతురే మేలు.

వాస్తు ఒప్పుకుంటుందా?

నూటికి తొంభై మంది ఇది గొంతు తగ్గించి అడుగుతారు. సిగ్గుపడాల్సిందేం లేదు. నైరుతిలో బరువు ఉండాలంటారు, పడమటి ఎండకు మందపాటి గోడలు అడ్డం పెట్టడం నాకూ కావాల్సిందే. ఈశాన్యంలో నీళ్లంటారు. నేల వాలు కూడా అటే ఉంటే కుంట అక్కడే తవ్వుదాం. వాలు ఇంకోవైపుంటే నీళ్లు వాస్తు చదవవు, పల్లానికే పోతాయి. అప్పుడు ఈశాన్యంలో ఒక చిన్న తామర తొట్టి పెట్టి అందర్నీ ఒప్పించాను, గొడవ రాలేదు.

గోడలు దేనితో కట్టాలి?

వరంగల్ చుట్టూ ఎటు చూసినా గుట్టలే, అందుకని అందరికీ ముందు గుర్తొచ్చేది రాయి. గ్రానైట్ గట్టిది, ఎప్పటికీ నిలుస్తుంది, చెదలు పట్టదు. కానీ వేడిని బాగా మోస్తుంది. మే నెల సాయంత్రం పద్మాక్షి గుట్ట బండ మీద కూర్చుని చూడండి, పొద్దు గూకినా కింద సెగ తగ్గదు. రాతి గోడ కడితే అడుగున్నర మందం ఉండాలి, పగలు మాత్రమే వాడే గదులకు వాడాలి. మధ్యాహ్నపు వేడి లోపలికి చేరేసరికి అందరూ ఇంటికి వెళ్లిపోయి ఉంటారు. రాత్రి పడుకునే హాస్టలు గదికి అదే గోడ శిక్ష.

తవ్విన ఎర్రమట్టి ఉంటే, అందులో సుమారు ఐదు శాతం సిమెంటు కలిపి యంత్రంతో ఒత్తిన ఇటుకలు బాగుంటాయి. బట్టీలో కాల్చే పని లేదు, బొగ్గు ఖర్చు లేదు. మట్టి ముందు పరీక్ష చేయించండి. నల్లరేగడి దీనికి పనికిరాదు. బూడిద ఇటుకలకు మనకు కొదవ లేదు, ఒకపక్క రామగుండం, మరోపక్క భూపాలపల్లి థర్మల్ కేంద్రాలున్నాయి. ఇటుకను పక్కకు నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ పద్ధతిని ఆర్కిటెక్టు లారీ బేకర్ కేరళలో వాడుకలోకి తెచ్చారు. ఇటుకలు సుమారు పావు వంతు మిగులుతాయి, మధ్యలో ఉన్న గాలి వేడిని ఆపుతుంది. మన మేస్త్రీలకు అలవాటు లేదు. మొదటి రోజు విసుక్కుంటారు, ఒక నమూనా గోడ కట్టించి కూల్పించి మళ్లీ కట్టిస్తే మూడో రోజుకు చేయి తిరుగుతుంది. ఆ కూల్చిన గోడ డబ్బులు మీరే ఇవ్వాలి, మేస్త్రీ నెత్తిన వేయకండి.

మెరుగు పెట్టిన గ్రానైట్ ఫ్లోరింగు వద్దు. తాండూరు బండ, షాబాద్ బండ చాలు. పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే టేకు దూలాలు, దర్వాజలు కొనండి, కొత్త టేకు కొట్టించకండి.

రామప్ప గుడిలో వాడిన తేలే ఇటుకలు ఇప్పుడు దొరుకుతాయా?

దొరకవు. 1213 నాటి గుడి అది, శిఖరం బరువు తగ్గించడానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. పునాదిలో ఇసుక నింపారు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక అందరూ ఆ ఇటుకల గురించే అడుగుతున్నారు.

మార్కెట్లో దొరికే ఏఏసీ బ్లాకు కూడా నీళ్లలో తేలుతుందని చెబితే ఆశ్చర్యపోతారు. సున్నం, సిమెంటు, బూడిద కలిపి, కాస్త అల్యూమినియం పొడితో పొంగించి, ఆవిరి మీద ఉడికిస్తారు. లోపలంతా గాలి బుడగలే. ఎర్ర ఇటుకతో పోలిస్తే దాదాపు నాలుగో వంతు వేడినే లోపలికి పంపుతుంది. ఇందాక చెప్పిన లోపలి డబ్బాకు, అంటే హెర్బేరియానికి, విత్తనాల గదికి నేను వాడేది ఇదే. బయటి గోడలకు మాత్రం వాడను, ప్లాస్టరింగు పగిలితే నీళ్లు పీల్చుకుంటుంది.

పైకప్పు మీద తోట పెంచితే చల్లగా ఉంటుంది కదా?

ఫోటోలో బాగుంటుంది. ఎండాకాలం దానికి రోజూ నీళ్లు పోయాలి, వానాకాలం వేర్లు స్లాబును తవ్వుతాయి. కింద ఎండు మొక్కలుంటే నాకు రాత్రి నిద్ర పట్టదు.

ఒకటి రెండంతస్తుల భవనానికి ఎక్కువ వేడి స్లాబు నుంచే దిగుతుంది, కాబట్టి ఖర్చు పెట్టాల్సిన చోటు అదే. స్లాబు మీద రెండంగుళాల ఇన్సులేషన్ షీటు, దాని మీద వాలు పెట్టిన కాంక్రీటు, ఆపైన పగిలిన తెల్ల టైల్సు ముక్కలు. స్లాబు పోసేటప్పుడు కింది భాగంలో మట్టి కుండలు బోర్లించి పోసే ఫిల్లర్ పద్ధతి కూడా మంచిదే, కాంక్రీటు తగ్గుతుంది. కుమ్మరికీ నాలుగు రోజులు పని దొరుకుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం కూడా తెల్లటి, వేడి పీల్చని కప్పులే కోరుతోంది.

స్థలం చౌకగా వస్తోంది, చెరువు పక్కనే. తీసుకోమంటారా?

ముందు పహాణీ, అంటే భూమి రికార్డు, చూడండి. శిఖం భూమి, అంటే చెరువు మునక భూమి, అయితే కాగితం తిరిగి ఇచ్చేసి ఇంటికి రండి. చెరువు నిండినప్పుడు నీళ్లు ఎంతదాకా వస్తాయో ఆ గీతను ఎఫ్‌టీఎల్ అంటారు. దాని లోపల కట్టకూడదు, దాని బయట కూడా కొంత జాగా వదలాలి. ఈ రెండు గీతలూ ఇరిగేషన్ వాళ్ల దగ్గర రాయించుకోండి. తర్వాత ఊళ్లో ఒక ముసలాయన్ను అడగండి, "తాతా, మత్తడి దుంకితే నీళ్లు ఎటు పోతయి?" అని. మత్తడి అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు. మ్యాపులో లేనిది ఆయన చెబుతాడు.

పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కాకతీయుల కాలంవి. ఒక చెరువు మత్తడి నీళ్లు కింది చెరువుకు పోయేలా గొలుసుకట్టుగా చెరువులు తవ్వించిన నేల ఇది. ఆ గొలుసులో ఒక కొక్కెం మీద మన భవనం కూర్చుంటే నీళ్లు తమ దారి తాము వెతుక్కుంటాయి. 2023 జూలై ఆఖరున ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఏడాదిలో పడేదాంట్లో దాదాపు సగం ఒక్కరోజులో. హనుమకొండ కాలనీల్లో ఆ రోజు పడవలు తిరిగాయి. భవనం డ్రెయిన్లు మామూలు వానకు కాకుండా అలాంటి రోజుకు గీయాలి.

నల్లరేగడి నేలైతే పునాదికి ఖర్చు పెరుగుతుంది. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది, గోడలూ దాంతో పాటే. అండర్ రీమ్డ్ పైల్స్, అంటే అడుగున ఉబ్బెత్తుగా ఉండే పునాది స్తంభాలు, వేయాలి.

వాన నీళ్లు పట్టడం బోరు కోసమేనా?

మొక్కల కోసం. మన బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. నీళ్లను తుంపరగా చల్లే మిస్టర్ల సన్నటి రంధ్రాలు ఆర్నెల్లలో మూసుకుపోతాయి, ఆకుల మీద తెల్ల మచ్చలు పడతాయి, ఆర్కిడ్‌లు అలుగుతాయి. వాన నీళ్లకు ఆ తంటా లేదు. వెయ్యి చదరపు మీటర్ల కప్పు మీద ఒక మిల్లీమీటరు వానంటే వెయ్యి లీటర్లు. ఏడాదికి 900 మిల్లీమీటర్లు పడి, అందులో 80 శాతం పట్టినా 7 లక్షల 20 వేల లీటర్లు. అన్నీ దాచలేం, లక్ష లీటర్ల సంపు ఒకటి నర్సరీకి, మిగతాది కుంటలోకి. కుంటకు మత్తడి కట్టడం మర్చిపోకండి.

మురుగు నీళ్లు?

టాయిలెట్లు, క్యాంటీన్ నీళ్లను కంకర మడిలోకి వదిలి, మెట్ట తామర, జమ్ము నాటితే వేర్ల దగ్గరి సూక్ష్మజీవులే శుభ్రం చేస్తాయి. తోటకు వాడుకోవచ్చు. ల్యాబు సింకుల నీళ్లు మాత్రం అందులో కలపొద్దు. నమూనాలు చెడకుండా వాడే ఫార్మలిన్ ఒక్కసారి పడితే ఆ సూక్ష్మజీవులన్నీ పోతాయి. ల్యాబుకు వేరే పైపు, వేరే ట్యాంకు.

సోలార్ ఎంత పెట్టాలి?

ముందు ఏసీ గదులు చిన్నవి చేయండి, తర్వాత లెక్క వేద్దాం. ఒక కిలోవాటుకు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు, పది చదరపు మీటర్ల జాగా. ముప్ఫై కిలోవాట్లు పెడితే రోజుకు 120 యూనిట్లు, మూడు వందల చదరపు మీటర్లు. ప్యానెళ్లను స్లాబుకు ఎనిమిది అడుగుల ఎత్తులో పెట్టండి. కింద నీడ పడి స్లాబు చల్లబడుతుంది, ఆ నీడలో మొక్కల కుండీలు పెట్టుకోవచ్చు. ఫ్రీజర్లకు బ్యాటరీ, జనరేటర్ రెండూ ఉండాలి. గాలివాన వస్తే రెండు రోజులైనా కరెంటు రాని మండలాలు మనవి.

కోతుల సంగతేంటి?

హైదరాబాద్ నుంచి వచ్చే కన్సల్టెంట్లు ఈ ప్రశ్న వినగానే నవ్వుతారు. ఇక్కడివాళ్లు నవ్వరు. మన ఊళ్లలో పెంకుటిళ్లు రేకుల ఇళ్లు కావడానికి పెంకులు పీకే కోతులే సగం కారణం.

షేడ్ నెట్ చింపుతాయి, కొళాయిలు తిప్పుతాయి, లేబుళ్లు పీకుతాయి. లేబుల్ పోతే మొక్క ఉన్నా పరిశోధనకు లేనట్టే. అందుకే నీడ ఇంటికి నెట్ పైన జింకు పూత పూసిన వెల్డ్‌మెష్ కప్పాలి. లేబుళ్లు అల్యూమినియం రేకు మీద గుద్దించి తీగతో కట్టాలి. పెంకుల వరండా మీద మీకు మనసుంటే, పెంకుల కింద పలచటి స్లాబు వేసి వాటిని సున్నంలో కూర్చండి. క్యాంటీన్ చెత్త డబ్బాకు గొళ్లెం పెట్టండి. ఇంతకంటే మంచి ఉపాయం దొరికితే నాకూ చెప్పండి.

భూకంపం గురించి ఆలోచించాలా?

2024 డిసెంబర్ 4 ఉదయం ఏడున్నరకు ముందు వరకూ ఎవరూ అడగలేదు. ములుగు కేంద్రంగా 5.3 తీవ్రతతో వచ్చినప్పుడు హనుమకొండలోనూ ఇళ్లు కదిలాయి. గోదావరి లోయకు ఇది కొత్త కాదు, 1969లో భద్రాచలం దగ్గర ఇంతకంటే పెద్దదే వచ్చింది. రాతి గోడలైతే బేస్‌మెంటు, లింటెల్, కప్పు మట్టాల్లో కాంక్రీటు పట్టీ చుట్టూ తిప్పండి. గోడ మందమంతా పట్టే పొడుగు రాళ్లు అక్కడక్కడా వేయించండి. ఎత్తు బీరువాలు గోడకు బిగించండి.

గ్రీన్ రేటింగు సర్టిఫికెట్ తీసుకోవాలా?

గ్రిహ గానీ ఐజీబీసీ గానీ, నిధులిచ్చేవాళ్లు అడిగితే తీసుకోండి. లేకపోతే ఆ డబ్బుతో ఇంకో డీహ్యుమిడిఫయర్ కొనండి. విద్యుత్ పొదుపు భవన నియమావళి, అదే ఈసీబీసీ, వేరే సంగతి. జాతీయ నియమావళి ప్రకారం వంద కిలోవాట్ల లోడు దాటితే ఆ లెక్కలోకి వస్తారు. మీ భవనం వంద దాటుతోందంటే మొదటి ప్రశ్న దగ్గరికి మళ్లీ వెళ్లండి.

ఖర్చు ఎక్కువవుతుందా?

పదివేల చదరపు అడుగుల భవనం అనుకుందాం. ఏసీ షాపువాళ్ల మోటు లెక్క నూట ఇరవై అడుగులకు ఒక టన్ను. మొత్తం ఏసీ అయితే 83 టన్నులు. హెర్బేరియం, విత్తనాలు, ఒక ల్యాబు కలిపి పన్నెండు వందల అడుగులకే పెడితే 10 టన్నులు. మిగిలిన 73 టన్నుల యంత్రాలు, వాటి ట్రాన్స్‌ఫార్మర్, నెలనెలా బిల్లు పక్కన పెట్టి, ఆ డబ్బును స్లాబు ఇన్సులేషనుకు, వరండాలకు మళ్లించండి. ఇంకా మిగులుతుంది.

చుట్టూ ఏ చెట్లు నాటాలి?

పడమటి వైపు కానుగ, వేప. ఎండాకాలంలోనే చిగురించి చిక్కటి నీడనిస్తాయి. కొంచెం దూరంగా చింత. ఇప్ప, తునికి, మద్ది, ఏగిస, రేల మన అడవివే కాబట్టి పరిశోధనకూ పనికొస్తాయి. మోదుగ అందంగా పూస్తుంది గానీ ఎండాకాలంలో ఆకు రాల్చేస్తుంది, నీడ కోసం నమ్ముకోవద్దు. కంచెకు తంగేడు. కోనోకార్పస్ ఊసెత్తకండి, రోడ్ల మధ్య నాటిందే చాలు. గోడకు పదిహేను అడుగుల లోపు మర్రి, రావి పెరగనివ్వొద్దు, పిట్ట రెట్టలోంచి మొలిచినా సరే.

వెళ్లి చూడదగ్గ భవనాలు ఉన్నాయా?

హైదరాబాద్ కొండాపూర్ దగ్గర 2004లో తెరిచిన, భారత పరిశ్రమల సమాఖ్య (సీఐఐ) వాళ్ల గ్రీన్ బిజినెస్ సెంటర్ చూడండి. నడుమ వాకిలి, గాలి బురుజులు, వేర్ల మడుల్లో మురుగు శుద్ధి అక్కడ ఉన్నాయి. కప్పు మీద తోట కూడా ఉంది. వాళ్లకు చూసుకునే మనుషులున్నారు, మీకున్నారా అన్నది ఆలోచించుకోండి. దానికంటే ముందు మీ ఊళ్లో మిగిలి ఉన్న, నడుమ వాకిలి ఉండే పాత భవంతి ఇంట్లో మే నెల మధ్యాహ్నం రెండు గంటలు కూర్చోండి.

పని ఎప్పుడు మొదలుపెట్టాలి?

స్థలం కొన్న మొదటి వానాకాలంలో ఏమీ కట్టకండి. గొడుగు పట్టుకుని వెళ్లి నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో, ఎటు పారుతున్నాయో సున్నంతో గుర్తులు పెట్టండి. అక్కడే ఏయే మొక్కలు వాటంతటవే మొలుస్తున్నాయో బాటనీ వాళ్లు రాసుకోవాలి, మీ మొదటి సర్వే అదే. పడమటి వైపు కానుగ మొక్కలు ఆ వానలకే నాటేయండి. ఎండాకాలంలో కుంట తవ్వి, ఆ మట్టిని ఇటుకలకు పరీక్ష చేయించండి. రెండో వానాకాలంలో కుంట నిండి మత్తడి సరిగ్గా దుంకుతోందో లేదో చూసుకుని, దసరా దాటాక ముగ్గు పోయండి. మేస్త్రీలు దొరకడం కష్టమయ్యే నెలలవి, దసరాకు ముందే మాట్లాడి పెట్టుకోండి.